మందు కొట్టలేదు సరే, గింజ ఎండిందా?



ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, ఆవు లేదు. ఒక గాజు సీసా, గుప్పెడు ఉప్పు, రెండు గుప్పెళ్ళ మొక్కజొన్న గింజలు, అంతే. అదెందుకో చెప్పాలంటే ముందు నాకు జరిగిన అవమానం చెప్పుకోవాలి.

మాది పార్వతీపురం దగ్గర కొండవాలు భూమి. ఏడేళ్ళుగా యూరియా బస్తా మా గడప ఎక్కలేదు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం, బీజామృతంతో విత్తన శుద్ధి, జీవామృతం, ఆచ్ఛాదన, మీరందరూ చేసేవే నేనూ చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం వానాకాలం మొక్కజొన్న వేశాను, మధ్యలో కంది. కోసే వేళకి ముసురు పట్టింది. ఏటి చేస్తాం? పొత్తులు కుప్పేసి పైన టార్పాలిన్ కప్పాం. నాలుగు రోజులు అలాగే ఉన్నాయి. ఎండ వచ్చాక ఆరబెట్టి, ఒలిచి, పైకి గింజ బాగానే కనబడుతోంది కదా అని నగరంలో సేంద్రియ సరుకుల షాపు నడిపే ఒకాయనకి పంపాను.

ఆయన శాంపిల్ తీసి ల్యాబుకి ఇచ్చాడు. రిపోర్టులో పురుగుమందుల అవశేషాలు ఏమీ లేవు. కింద ఇంకో వరస ఉంది. అఫ్లాటాక్సిన్, పరిమితి దాటింది. సరుకు మొత్తం వెనక్కి వచ్చింది.

మొదట చాలా కోపం వచ్చింది. చుక్క మందు కొట్టనివాడి గింజలో విషమా అని. తర్వాత తెలిసినవాళ్ళని అడిగాను, దొరికినంత చదివాను. ఇప్పుడు నా అభిప్రాయం చెబుతున్నాను, మనలో కొందరికి నచ్చకపోవచ్చు. "విషరహిత ఆహారం" అని మనం బోర్డు పెడుతున్నాం గానీ, ఆ మాటని సగమే అర్థం చేసుకున్నాం. మనం వేసే విషాన్ని మానేశాం. బూజు వేసే విషం సంగతి పట్టించుకోలేదు.

బూజుకి మన పద్ధతితో పనిలేదు

అఫ్లాటాక్సిన్‌ని తయారు చేసేది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. అది నేలలోనే ఉంటుంది. రసాయన సేద్యం పొలంలో ఉంటుంది, ప్రకృతి సేద్యం పొలంలోనూ ఉంటుంది. పైరు బెట్టకి గురైనా, పురుగు గింజని తొలిచినా, కోత మీద వాన పడినా, తడి గింజ కుప్పలో వేడెక్కినా దానికి పండగే. ఉడకబెడితే పోయే విషం కాదది. రొట్టె చేసినా, గంజి కాచినా చాలావరకు అలాగే ఉంటుంది. మన దేశంలో తిండిగింజలకి పెట్టిన పరిమితి కిలోకి 15 మైక్రోగ్రాములు. అంటే టన్ను గింజలో 15 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. కంటికి ఎలా కనబడుతుంది?

ఇది కొత్త సంగతేం కాదు. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల్లో మొక్కజొన్న కోతప్పుడు అకాల వానలు పడ్డాయి. మన మన్యంలాగే అవి గిరిజనులు ఎక్కువగా ఉండే చోట్లు. తడిసిన గింజే ఇంట్లో ఉంది, అదే తిన్నారు. కామెర్లు, పొట్ట ఉబ్బడం. దాదాపు 400 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. ఆ ఇళ్ళల్లో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చిపోయాయి. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చి ప్రపంచానికి చెప్పినవాళ్ళు మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే. 1995లో డెక్కన్ పీఠభూమిలోని కొన్ని పల్లెల్లో వానకి తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న రొట్టెలు తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో పడిపోయారు. దానినీ ఆ సంస్థే పరిశీలించింది. అక్కడ దొరికింది ఇంకో బూజు విషం, పేరు ఫ్యుమోనిసిన్.

మొన్నటి సంగతి చూడండి. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోయాయి. అవి మేసింది అరికె చేను. పరీక్షల్లో బయటపడింది సైక్లోపియాజోనిక్ ఆమ్లం, అదీ బూజు విషమే. మన జిల్లాలో ఏనుగుల గుంపు తిరిగే ఊళ్ళవాళ్ళకి ఈ వార్త ఎలా తగిలిందో నాకు తెలుసు. అరికె చెడ్డదని కాదు దీనర్థం. చిరుధాన్యం అన్నంత మాత్రాన బూజు దాన్ని వదిలిపెట్టదని అర్థం.

గోధుమ మీద వాట్సాప్ కథలు

నాకు వారానికి ఒకరైనా ఒకే వీడియో పంపుతారు. "గోధుమ జన్యువులు మార్చేశారు, అందుకే జబ్బులు" అని. మనకి గోధుమ చేను లేకపోయినా పిండి, రవ్వ, మైదా కొండమీదకీ వచ్చేశాయి కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

మన దేశంలో జన్యుమార్పిడి గోధుమ సాగులో లేదు. 1960ల్లో వచ్చిన పొట్టి గోధుమలు సంకరంతో చేసినవి. అసలు రొట్టె గోధుమే మూడు రకాల గడ్డిజాతులు వాటంతట అవే కలిస్తే పుట్టిన మొక్క. 2018లో ప్రపంచ శాస్త్రవేత్తలు దాని జన్యుపటం మొత్తం చదివి బయటపెట్టారు. 21 క్రోమోజోములు, లక్షకు పైగా జన్యువులు. అందులో 2ఏ అనే క్రోమోజోము పనిలో మన భారత శాస్త్రవేత్తలు పాలు పంచుకున్నారు. ఇంకోమాట, మనవాళ్ళు "పాత గోధుమ, ఏం చెయ్యదు" అని అమ్మే ఖప్లీలో కూడా గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకి అది అమ్మితే పాపం మనకే చుట్టుకుంటుంది.

ఆ పటం ఎందుకు చదివారు అంటే, ఒక కారణం ఈ బూజే. గోధుమ కంకికి ఫ్యుజేరియం అనే బూజు పట్టి డాన్ అనే విషం చేరుతుంది. తింటే వాంతులు. 2020లో చైనా శాస్త్రవేత్తలు గోధుమకి చుట్టమైన ఒక అడవి గడ్డిలో ఆ విషాన్ని విరిచేసే జన్యువుని గుర్తించారు. తమాషా ఏమిటంటే, ఆ జన్యువు గడ్డిది కాదు. ఎప్పుడో ఆ గడ్డిలో కాపురం ఉన్న ఒక శిలీంధ్రం నుంచి దానికి వచ్చింది. సంకరం చేసి దాన్ని గోధుమలోకి తెస్తున్నారు. జీనోమ్ అన్న మాట వినగానే కంపెనీ కుట్ర అని మనం చెవులు మూసుకుంటే ఇలాంటివి మనకి వినబడవు.

చోడి వేరు చెప్పిన కథ

ఇప్పుడు మన చోళ్ళ దగ్గరికి వద్దాం. 2016లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశోధన ప్రచురించారు. గోధుమనీ మొక్కజొన్ననీ పీడించే ఫ్యుజేరియం చోడిని ఎందుకు పెద్దగా ఏమీ చెయ్యలేకపోతోంది అని చూశారు. చోడి వేరు లోపల కాపురముండే ఒక బ్యాక్టీరియా దొరికింది. దానికి ఎం6 అని పేరు పెట్టారు. బూజు వేరులోకి దూరబోతే ఈ బ్యాక్టీరియా అటువైపు గుంపుగా వెళుతుంది. వేరు నూగు గుబురుగా పెరిగి వేరు వెంబడి వంగుతుంది. నూగు ఒక పొర, బ్యాక్టీరియా ఒక పొర, మళ్ళీ నూగు, ఇలా దడి కట్టినట్టు కడతాయి. బూజు ఆ దడిలో చిక్కుకుని చస్తుంది. చివరికి డాన్ విషం కూడా తగ్గింది.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మట్టిలో, వేరులో ఉన్న జీవులే పంటకి కాపలా అని మనం చెప్పే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఇది జీవామృతం మీద చేసిన పరిశోధన కాదు. ఎవరైనా దీన్ని చూపించి "జీవామృతం పోస్తే గింజకి బూజు విషం రాదు" అంటే నమ్మొద్దు. నేనే అన్నా నమ్మొద్దు. నా పొలంలో జీవామృతం పుష్కలంగా పోశాను, అయినా రిపోర్టు ఏం చెప్పిందో పైన రాశాను. వేరు దగ్గర కాపలా ఉండే జీవి, కళ్ళంలో తడిసిన కుప్పకి కాపలా కాయదు.

పొట్టలో కూడా ఒక నేల ఉంది

మట్టిలో జీవులున్నట్టే మన పేగుల్లోనూ కోటానుకోట్ల జీవులున్నాయి. గువాహటిలోని ఐఏఎస్ఎస్‌టి సంస్థవాళ్ళు 2015లో అస్సాం, మణిపూర్, సిక్కిం, తెలంగాణ గిరిజనుల పేగుల్లోని బ్యాక్టీరియాని పరిశీలించారు. ఊళ్ళు వేరు, తిండి వేరు, అయినా ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియా వాళ్ళందరిలో ముందు వరసలో కనబడింది. పీచు ఎక్కువున్న తిండి తినేవాళ్ళలో బాగా ఉండే జీవి అది. చోడి అంబలి, సామన్నం, కందులు, ఆకుకూరలు తినే పొట్టకి ఇదొక ఆస్తి. పాలిష్ బియ్యం, మైదా మీద పడితే ఆ జీవులకి మేత తగ్గిపోతుంది.

అయితే అదే చోడి బూజు పట్టినదైతే? అంబలి పులిస్తే విషం పోతుందని మావైపు కొందరంటారు. పులిసినదాంట్లో పెరిగే కొన్ని బ్యాక్టీరియాలు అఫ్లాటాక్సిన్‌ని కొంత పట్టి ఉంచుతాయని ల్యాబుల్లో చూసిన మాట నిజమే. బూజు గింజని తినదగ్గదిగా మార్చేంత పని అది కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, టోగో దేశాల్లో ఒంట్లో అఫ్లాటాక్సిన్ ఎక్కువున్న పిల్లలు ఎదుగుదలలో వెనకబడి ఉండటం చూశారు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చేరితే కాలేయ క్యాన్సర్. మన గింజ అంగన్‌వాడీకి, హాస్టలుకి, బాలింతలకి పోవాలని మనం కోరుకుంటున్నాం కదా. మరి ఆ బాధ్యత కూడా మనదే.

ఆవుని దేవతగా చూసుకునేవాళ్ళం, బూజు పట్టిన గింజ మాత్రం "పశువుకి వేద్దాంలే" అంటాం. ఆవు తిన్న అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. మళ్ళీ మన పిల్లల గ్లాసులోకే.

నేను మార్చుకున్నవి

ఇవేవీ ఖర్చు పనులు కాదు.

1. పొత్తులు ఒక్క రాత్రి కూడా తడిగా కుప్ప వెయ్యను. ముసురుంటే పల్చగా పరిచి గాలి ఆడే చోట వేస్తాను. పాతకాలంలో పొయ్యి మీద అటకకి పొత్తులు కట్టి వేలాడదీసేవాళ్ళు. పొగ, వేడి తగిలి ఎండేవి. విత్తనానికీ ఇంటి తిండికీ మళ్ళీ అదే మొదలుపెట్టాను.

2. వట్టి నేల మీద, రోడ్డు మీద ఆరబెట్టను. టార్పాలిన్ మీదే.

3. పురుగు తొలిచినవి, ముడతపడినవి, రంగు మారినవి ఏరేస్తాను. విషంలో ఎక్కువ భాగం ఆ కొద్ది గింజల్లోనే ఉంటుంది. ఏరినవి కోళ్ళకీ ఆవుకీ వెయ్యను, గొయ్యి తీసి పూడుస్తాను.

4. సీసా పరీక్ష. పొడి సీసాలో పొడి ఉప్పు కొంచెం, గింజలు కొంచెం వేసి మూతపెట్టి బాగా కుదిపి పావుగంట ఉంచండి. ఉప్పు గాజుకి అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టే. అంటకపోయినా నేను ఇంకో ఎండ పెడతాను, నిల్వకి 13 శాతం దాకా దిగాలి కాబట్టి.

వీడియో తీస్తుంటే మా పక్క గూడెం సవర పెద్దమ్మ చూసి నవ్వింది. "సీసా ఎందుకు బాబూ, పంటికింద యేసుకో. తడిగింజ మెత్తగుంటాది, ఎండింది టక్కుమంటాది" అంది. నిజమే. మన దగ్గర ఈ జ్ఞానం లేకపోలేదు. బస్తా నింపి తొందరగా డబ్బు చేసుకోవాలన్న హడావిడిలో వదిలేశాం.

అడగాల్సింది అడుగుదాం

ప్రకృతి సేద్యంలో ఆంధ్రప్రదేశ్‌కి పేరొచ్చింది. 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. సంతోషం. మన శిక్షణల్లో కషాయాలకి రోజులు కేటాయిస్తారు, ఆరబెట్టడానికి పూట కూడా కేటాయించరు. నేను అడిగేవి మూడే. ప్రతి సంఘానికి ఒక తేమ కొలిచే మీటరు, చాలినన్ని టార్పాలిన్లు. మండలానికి ఒకచోటైనా అఫ్లాటాక్సిన్ పరీక్ష. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చు కిట్లు ఏనాడో తయారు చేసింది, పని అక్కడినుంచి ఊరిదాకా రావాలి. మూడోది, మన కొండ చోళ్ళ వేళ్ళలో ఏ జీవులున్నాయో విజయనగరం పరిశోధనా కేంద్రం లాంటివి మనతో కలిసి చూడాలి, దొరికింది మన భాషలో మనకి చెప్పాలి. జీవవైవిధ్య చట్టం 2002 నుంచీ ఉంది. మన విత్తనం నుంచి లాభం పుడితే అందులో మనకీ వాటా ఉండాలని ఆ చట్టమే చెబుతోంది.

వచ్చే ఖరీఫ్ కోతకి నా సరుకు మళ్ళీ అదే షాపుకి పంపుతాను. ఈసారి శాంపిల్ ముందు నేనే పరీక్ష చేయిస్తాను. రిపోర్టు ఎలా వచ్చినా వీడియోలో చూపిస్తాను, దాచను. అప్పటిదాకా "విషరహితం" బోర్డు మాత్రం దింపేశాను. "మందు కొట్టలేదు" అని రాసి పెట్టాను. నాకు ఖాయంగా తెలిసింది అంతే కాబట్టి.

మీ ఊళ్ళో ముసురు రోజుల్లో గింజ ఎలా ఆరబెడుతున్నారు? మీ పెద్దవాళ్ళు చెప్పిన పద్ధతి ఏదైనా ఉంటే తప్పకుండా చెప్పండి. పనికొచ్చేదైతే వచ్చి వీడియో తీస్తాను.