ఆరు నెలల గడువు

“కొత్తొక వింత, పాతొక రోత” అని పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఈ సామెత చెవిని పడినప్పుడల్లా మాకొక సందేహం కలుగుతూ ఉంటుంది. పాత దానిని రోసి పారవేయడం తేలికే గాని, అందులో మనం దాచుకున్న వాటి సంగతేమిటి? ఈ నెల పాఠకులతో ఆ ముచ్చటే చెప్పుకుందామని కూర్చున్నాము.

మొన్న మాఘమాసంలో దగ్గర బంధువుల ఇంట పెళ్ళికి యానాం వెళ్ళాము. పెళ్ళి మూడోనాడు, గౌతమి ఒడ్డున కాసేపు నడిచి, వీడియో తీసిన కుర్రవాడి దుకాణానికి మేమూ మా అక్కగారూ కలిసి వెళ్ళాము. మేడమీద ఒక చిన్న గది. బల్లమీద రెండు తెరలు. గోడవారగా హార్డుడిస్కులు పేర్చి, ఒక్కొక్క దానిమీద ఇంటిపేరూ ముహూర్తం తేదీ వ్రాసి పెట్టుకున్నాడు. నిద్ర లేక కుర్రవాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తెరమీద ఒక గీత చీమ నడిచినట్టు ప్రాకుతోంది.

“ఏమిటి నాయనా, అది కదలడంలేదే?” అన్నాము.

“ఆయ్, రెండరు అవుతోందండి బాబాయిగారూ. మూడు కెమేరాల ఫుటేజీ అండి, అంతా ఫోర్‌కే. ఈ సాఫ్టువేరు మోయలేకపోతోందండి. కొత్తది వస్తుందంటున్నారు. అది వచ్చిందంటే ఈ బాధ ఉండదండి.”

“ఎప్పుడు వస్తుందట?”

“రెండేళ్ళనుంచీ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందనే అంటున్నారండి.”

అతను వాడే సాఫ్టువేరు పేరు ఇక్కడ అనవసరం. మా అక్కగారు మాత్రం ఆ “కొత్తది” అన్న మాట వినగానే ఉలిక్కిపడింది. దానికి కారణం ఉన్నది.

మా అక్కగారి పెద్దమ్మాయి పెళ్ళి 2009లో జరిగింది. అప్పగింతలవేళ మా బావగారు అల్లుడి చేతులు పట్టుకొని నాలుగు మాటలు చెప్పారు. ఎప్పుడూ పెదవి విప్పని మనిషి, ఆనాడు నాలుగైదు నిమిషాలు మాట్లాడారు. వేరే ఊరి దుకాణంవారు కూర్పు చేసి ఇచ్చిన డీవీడీలో ఆ ఘట్టం పదకొండు సెకండ్లే ఉన్నది. మిగిలినదంతా కత్తిరించి, సినిమా పాట వేశారు. అప్పుడెవ్వరూ పట్టించుకోలేదు. 2016లో బావగారు కాలం చేశారు. ఆ పైన మా అక్కగారు ఆ దుకాణానికి వెళ్ళి, మొత్తం మాటలు ఉన్న భాగం ఇప్పించమని అడిగింది. వారు చెప్పిన జవాబు ఇది: క్రొత్త సాఫ్టువేరుకు మారినప్పుడు పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదట, తెరుచుకోనివాటిని ఉంచుకొని ఏం లాభమని డిస్కులు తుడిచి, వేరే పెళ్ళిళ్ళకు వాడుకున్నారట. వారిని నిందించి ప్రయోజనం లేదు. ఆరోజుల్లో ఆ వృత్తిలో ఉన్న చాలామందికి ఇటువంటి అనుభవమే ఎదురైంది. హాలీవుడ్డులోనివారికి సైతం తప్పలేదు. ఆ కథ పాఠకులు తెలుసుకోదగ్గది.

మొదట ఈ కూర్పు పని అంటే ఏమిటో రెండు ముక్కలు. పూర్వం సినిమాను నిజంగానే కత్తిరించేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. సెకండుకు 24 బొమ్మలు నడవాలి. అంటే నిమిషానికి 90 అడుగులు, మూడు గంటల సినిమాకు 16,200 అడుగులు. అది తెరకెక్కేది మాత్రమే. తీసినది దానికి ఎన్నో రెట్లు. అన్ని ముక్కలనూ మూవియోలా యంత్రంమీద చూసి, కోసి, అతికి, పనికిరానివాటిని సైతం గుర్తువేసి దాచేవారు. మన తెలుగువారిలో అక్కినేని సంజీవిగారు, వారి కుమారుడు శ్రీకర్ ప్రసాద్‌గారు, కోటగిరి వెంకటేశ్వరరావుగారు ఈ విద్యలో పేరెన్నిక గన్నవారు. దర్శకుడు తీసినది కథ అయితే, కూర్పరి చేతిలో అది సినిమా అవుతుంది.

1989లో అవిడ్ అనే అమెరికా కంపెనీ ఈ పనిని కంప్యూటరు మీదికి తెచ్చింది. అందులో ఫిల్మును కోయడం లేదు. ఏ ముక్క తరువాత ఏ ముక్క రావాలో వ్రాసిపెట్టుకుంటారు, అంతే. ఆ వ్రాత ఉన్న పుస్తకమే “ప్రాజెక్టు”. అసలు దృశ్యాలు ధాన్యపు కొట్టులో ఉన్నాయనుకుంటే, ప్రాజెక్టు దాని చిట్టా. చిట్టా పోతే కొట్టులో ఏమున్నదో వెదకడానికి నెలలు పడుతుంది.

ఆ యంత్రాలు చాలా ఖరీదైనవి. 1999లో ఆపిల్ కంపెనీ “ఫైనల్ కట్ ప్రో” అనే సాఫ్టువేరును 999 డాలర్లకు విడుదల చేసింది. దాని వెనుక ముఖ్యుడు రాండీ ఉబిల్లోస్ అనే ఆయన. అంతకు ముందు అడోబీవారి “ప్రీమియర్” మొదటి కూర్పులు చేసినది కూడా ఆయనే. లక్షలు పెట్టలేని చిన్న దుకాణాలవారికి ఇది వరంలా దొరికింది. 2003లో వచ్చిన “కోల్డ్ మౌంటెన్” అనే పెద్ద చిత్రాన్ని వాల్టర్ మర్చ్ అనే పేరుమోసిన కూర్పరి దీనిమీదే కూర్చాడు. 2011 ఫిబ్రవరిలో కూర్పుకు ఆస్కారు బహుమతి పొందిన “ది సోషల్ నెట్‌వర్క్” కూడా దీనిమీద తయారైనదే.

కాని ఆ సాఫ్టువేరుకు వయసు మీరింది. అది 32 బిట్ల పద్ధతిలో కట్టినది కావడంవల్ల, యంత్రంలో ఎంత మెమొరీ ఉన్నా 4 జీబీకి మించి అందుకోలేదు. కంప్యూటర్లకు ఎన్నో మెదళ్ళు వచ్చినా ఇది వాటిని పూర్తిగా వాడుకోలేదు. ఆరువరుసల రోడ్డుమీద ఎద్దుబండి అన్నమాట. 2009 జూలైలో ఏడవ కూర్పు వచ్చింది గాని ఈ మూలవ్యాధి అలాగే ఉండిపోయింది. అక్కడినుంచి కూర్పరులందరూ మన యానాం కుర్రవాడిలాగే, తెరమీద గీత ప్రాకుతూ ఉండగా, “కొత్తది” కోసం ఎదురుచూశారు.

2011 ఏప్రిల్ 12న లాస్ వేగస్ నగరంలో వందలాది కూర్పరుల ముందు ఆపిల్‌వారు ఆ కొత్తదానిని ప్రదర్శించారు. పేరు ఫైనల్ కట్ ప్రో టెన్. పునాదులనుంచి తిరిగి కట్టాము, 64 బిట్లు, మీరు పని చేసుకుంటూ ఉంటే రెండరు దానంతట అదే వెనుక జరిగిపోతుంది, ధర 299 డాలర్లు అన్నారు. సభ చప్పట్లతో మారుమ్రోగింది.

జూన్ 21న అది చేతికి వచ్చింది. తెరిచి చూసినవారికి నోట మాట రాలేదు. పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోవు! అనేక కెమేరాల దృశ్యాలను ప్రక్కప్రక్కన చూసి ఎంచుకునే సౌకర్యం లేదు. శబ్దం సరిచేసేవారికీ రంగులు సరిచేసేవారికీ పని అందించే మార్గాలు లేవు. టేపులమీదికి సినిమా ఎక్కించే వీలు నామమాత్రం. ఇవన్నీ ఒక ఎత్తు. పాత కూర్పును అదేరోజు అమ్మకంనుంచి తీసివేయడం ఒక ఎత్తు. దుకాణంలో నలుగురు పనివారుండి అయిదోవానిని చేర్చుకుంటే, అతనికి పాతది కొని ఇద్దామన్నా దొరకదు. వేలమంది సంతకాలతో అర్జీ పెట్టుకున్నారు. కోనన్ ఓబ్రయన్ అనే హాస్యగాడి టీవీ కార్యక్రమంలో ఆయన కూర్పరులే దీనిమీద ఒక ప్రహసనం తయారుచేసి నవ్వించారు. ఆపిల్‌వారు అడిగినవారిలో కొందరికి సొమ్ము వాపసు ఇచ్చారు. ఎదుటి కంపెనీ అడోబీ తన సరుకును సగం ధరకే ఇస్తామని తలుపులు తెరిచింది. చాలామంది అటు వెళ్ళిపోయారు.

ఆ తరువాత లోట్లు ఒక్కొక్కటే పూడ్చుకొచ్చారు. సెప్టెంబరులో ఇతరులతో ఇచ్చిపుచ్చుకునే మార్గం ఒకటి వచ్చింది. 2012 జనవరిలో అనేక కెమేరాల సౌకర్యం వచ్చింది. పాత ప్రాజెక్టులను క్రొత్తదానిలోకి మార్చే ఉపకరణాన్ని వేరొక చిన్న కంపెనీవారు తయారుచేశారు. నేడు అది మంచి సాఫ్టువేరే. వాడేవారు మెచ్చుకుంటూనే ఉన్నారు. కాని చెదిరిన పిట్టలు మళ్ళీ అన్నీ ఆ చెట్టుకు చేరలేదు.

ఇక్కడ మాకొక విషయం తోస్తుంది. అదే 2011 జూన్ నెలలో మన దేశంలోనూ ఒక పాతది రద్దయింది. పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది: పావలాబిళ్ళ. జూన్ 30నుంచి పావలా, అంతకు చిన్న నాణేలు చెల్లవన్నారు. అయితే ఆ ఉత్తర్వు వెలువడినది 2010 డిసెంబరులో. ఆరు నెలల గడువిచ్చి, బ్యాంకులలో మార్చుకోమన్నారు. అంతకుముందు 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు కూడా అణాలనూ పైసలనూ కొన్నాళ్ళు ప్రక్కప్రక్కనే చెల్లనిచ్చారు. అణాకు ఆరుంబావు నయాపైసలని లెక్క కట్టుకోలేక పెద్దవాళ్ళు అవస్థపడ్డారు గాని, కొంగున కట్టుకున్న అణా మాత్రం ఒక్క రాత్రిలో చెల్లనిది కాలేదు.

యానాం సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు ఈ ఊరి పరిపాలనను మన ప్రభుత్వానికి అప్పగించారు. స్వాధీనపు ఒప్పందంమీద 1956 మే 28న సంతకాలయ్యాయి. అది చట్టరీత్యా అమలులోకి వచ్చినది 1962 ఆగస్టు 16న. ఆ పైన కూడా, ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవారు ఆరు నెలలలోగా వ్రాసి ఇవ్వవచ్చునని గడువుంచారు. ఒక ప్రభుత్వం పోయి మరొక ప్రభుత్వం రావడమంటే చిన్న మార్పా? భాష, చట్టం, కచేరీ అన్నీ మారాయి. అయినా ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించుకోవడానికి ఆరు నెలలు దొరికాయి. బ్రతుకుతెరువైన పనిముట్టు మార్చేటప్పుడు కూర్పరులకు ఒక్కరోజు దొరకలేదు.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. కంపెనీ ప్రభుత్వం కాదు. పాత సరుకును కలకాలం అమ్మవలసిన విధి దానికి లేదు. పునాది పుచ్చిన ఇంటికి సున్నం వేస్తూ కూర్చుంటే లాభం లేదనీ, కూల్చి కట్టక తప్పదనీ వారు అనుకోవడంలో తప్పు లేదు. పైగా పాతది కొని పెట్టుకున్నవారి యంత్రంలో అది పనిచేస్తూనే ఉన్నది. 2017లో వచ్చిన క్రొత్త మ్యాక్ వ్యవస్థలో గాని అది పూర్తిగా ఆగిపోలేదు. అంటే నిదానించినవారికి ఆరేళ్ళు దొరికాయన్నమాట! తొందరపడి పాతదానిని తీసిపారవేసినవారే ఎక్కువ నష్టపోయారు. కంపెనీ గడువివ్వకపోతే మన గడువు మనమే పెట్టుకోవాలని దీనివల్ల తేలుతున్నది.

ఇదే మాట ఆ కుర్రవాడితో అన్నాము. “చూడు నాయనా, మీ ఊరికి కళ్యాణపురమని పేరుండేది. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చిన తరువాత, బాల్యవివాహాలు చేయదలచినవారు ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానాంకు పిల్లలను తీసుకొచ్చి హడావుడిగా ముడివేయించి వెళ్ళేవారు. ఆ తొందర ఎవరికీ మేలు చేయలేదు. నీవు కూడా ముహూర్తాల రోజుల్లో కొత్త సాఫ్టువేరుతో ముడివేసుకోకు. ఆషాఢం వచ్చేదాకా ఆగు. పెళ్ళిళ్ళుండవు, చేతినిండా తీరిక. ఏ చిన్న నామకరణమో అందులో కూర్చి చూసుకో. పాత యంత్రాన్ని మాత్రం అలాగే ఉంచు. ఒప్పుకున్న పనులన్నీ ఇళ్ళకు చేరేదాకా దానిని కదపకు.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు. తరువాత గోడవారగా ఉన్న డిస్కులవైపు చూసి, “మరి ఇవన్నీ ఎన్నాళ్ళు దాచమంటారండి? కొత్త డిస్కు కొనాలంటే వేలు పోయాలి. ఇచ్చేసిన పెళ్ళికి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు గదండీ” అన్నాడు. దానికి మాదగ్గర జవాబు లేదు. అతనన్నది నిజం.

అంచేత ఇక చెప్పవలసినది గృహస్థులకే. మన ఇంటి జ్ఞాపకాలను దాచవలసిన భారం దుకాణందారుది కాదు, మనది. పని ఒప్పుకునేటప్పుడే ఒక మాట అనుకోండి: కూర్చిన సినిమా ఎక్కడైనా ఆడే మామూలు పద్ధతిలో ఒకటి, కత్తిరించకుండా తీసినది తీసినట్టు ఒక డిస్కు. ఆ డిస్కు ఖరీదు మీరే ఇవ్వండి. పెళ్ళి ఖర్చులో అది తమలపాకుల లెక్కకు రాదు. రెండు నకళ్ళు తీసి, ఒకటి మీ ఇంట, ఒకటి వియ్యాలవారింట ఉంచండి. ఏడాదికొక్కసారి, పెళ్ళిరోజునాడు తీసి, ఆడుతున్నదో లేదో చూసుకోండి. పాతబడ్డ టేపులుంటే, ఆడించే యంత్రం దొరికే రోజుల్లోనే మార్పించుకోండి.

ఆ రోజు వచ్చేముందు మా అక్కగారు సంచీలోంచి పాత డీవీడీ తీసి కుర్రవాడి చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ చూసి, “ఇందులో ఉన్నది తియ్యగలను గాని, లేనిది తేలేనండి అమ్మగారూ” అన్నాడు. పాట కింద నలిగిపోయిన మాటలను కొంత పైకి తెచ్చాడు. “మా అమ్మాయికి కోపం వస్తే” అన్నంతవరకు వినిపించింది. ఆ పైన పాట.

మా బావగారు ఆ మాటను ఎలా ముగించారో మా ఇంట ఎవ్వరికీ జ్ఞాపకం లేదు. అక్కగారు ఆ పదకొండు సెకండ్లే రెండు నకళ్ళు తీయించుకొన్నది. ఒకటి తనవద్ద ఉంచుకొని, రెండోది కూతురికి పంపింది.