సెలవుల్లో ఏం చదివారు?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన మొదటి వారంలో పాఠాలు ఇంకా జోరందుకోవు. కొత్త పుస్తకాలు అందరికీ చేరవు. టైంటేబులు గోడకెక్కదు. ఆ వారంలో తెలుగు ఉపాధ్యాయుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "సెలవుల్లో ఏం చదివారు?" దానికి వచ్చే జవాబుల్లో చాలా భాగం ఉపాధ్యాయుణ్ణి సంతోషపెట్టడానికి చెప్పేవే. చదవని పుస్తకం పేరు చెప్పేవారుంటారు. సినిమాగా చూసిన కథను పుస్తకంలో చదివినట్టు చెప్పేవారూ ఉంటారు. అంతా విన్నాక, "సరే, చదివిన కథ సారాంశం ఒక పేజీ రాసుకు రండి" అన్న ఆజ్ఞ వెలువడుతుంది. మరుసటి వేసవిలో నిజంగా చదివిన విద్యార్థి కూడా, ఏమీ చదవలేదనే చెబుతాడు. అందులో అతని తప్పేమీ లేదు.

ఆ ప్రశ్న మంచిదే. దానిని పరీక్షగా మార్చడమే మంచిది కాదు. పుస్తకం చదివినవాడికి దాని గురించి ఇంకొకరితో మాట్లాడాలనిపిస్తుంది. ఆ మాటలకు చోటివ్వడమే ఆ ప్రశ్న చేయవలసిన పని. ఈ సంగతి తెలుగు బడులన్నిటికీ వర్తిస్తుంది గాని, తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్న బడుల విషయంలో దీనికి మరింత బరువుంది.

గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న పిల్లవాడు సెలవుల్లో పుస్తకం ముట్టకపోయినా తెలుగు అక్షరం అతని కంటిని వదలదు. బస్సు మీది ఊరి పేరు తెలుగులో ఉంటుంది. కిరాణా దుకాణం పలక, సినిమా పోస్టరు, గోడ మీది ప్రకటన, పకోడీలు కట్టి ఇచ్చిన కాగితం కూడా ఏదో ఒకటి చదివిస్తూనే ఉంటాయి. సోలాపురంలో మగ్గాల పేటలో పుట్టిన పిల్లకు ఆ వసతి లేదు. ఇంట్లో అమ్మమ్మ తెలుగే మాట్లాడుతుంది. గడప దాటితే కంటికి కనిపించేది దేవనాగరి లిపి. బరంపురం పిల్లవాడికి వీధి పొడవునా ఒరియా అక్షరాలు. కోలారు వైపు పిల్లలకు కొంత సులువు. కన్నడ లిపి, తెలుగు లిపి తోబుట్టువుల వంటివి కనుక ఒకటి వచ్చినవాడు తలకట్లూ మరికొన్ని అక్షరాల తేడాలూ పట్టుకుంటే రెండోది కూడబలుక్కోగలడు. హోసూరు పిల్లల ఇబ్బంది వేరు. తమిళంలో క, గ అన్న ధ్వనులకు అక్షరం ఒక్కటే. ఒత్తక్షరాలకు వేరే గుర్తులు లేవు. రెండు నెలలపాటు అదే లిపి చదివి తెలుగు వాచకం తెరిస్తే, ఖ దగ్గర, ఘ దగ్గర, ద్విత్వాల దగ్గర చూపు కాసేపు ఆగుతుంది. జూన్ నెలలో పిల్లలు తడబడుతూ చదువుతున్నారని ఉపాధ్యాయులు విసుక్కుంటారు. అది బుద్ధిమాంద్యం కాదు, అలవాటు తప్పడం. సెలవుల్లో రోజుకు రెండు పేజీలు కంటి ముందు నుంచి నడిచి ఉంటే ఆ తడబాటు ఉండదు.

ఆ రెండు పేజీలు ఏవి కావాలన్నదాని మీద పెద్దలకు పట్టింపులు ఎక్కువ. భారత భాగవతాలు తప్ప తక్కినవి కాలక్షేపమని కొందరంటారు. సెలవుల్లో తెలుగెందుకు, ఇంగ్లీషు వ్యాకరణం చదువుకుంటే పై తరగతికి పనికివస్తుందని మరికొందరంటారు. ఇంగ్లీషు నేర్చుకోవలసిందే, దానికి బడి ఉంది, పరీక్ష ఉంది, తల్లిదండ్రుల ఒత్తిడి ఉంది. ఏ ఒత్తిడీ లేకుండా, కేవలం తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంతో పేజీ తిప్పించే భాష ఒకటైనా పిల్లలకు ఉండాలి గదా! అది ఇంటి భాషే కావడం సహజం. ఆ ఆత్రం ఏ పుస్తకంతో పుట్టినా మంచిదే.

ఈ విషయంలో చందమామ చేసిన మేలు గుర్తుచేసుకోదగ్గది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి దానిని తెలుగులోనూ, అంబులిమామా పేరుతో తమిళంలోనూ ప్రారంభించారు. తరవాతి కాలంలో అది కన్నడంలో వచ్చింది. మరాఠీలో చాందోబా అయింది. ఒరియాలో జహ్నమామూ అయింది. అంటే, రాష్ట్రం వెలుపలి తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగులో చదివిన కథనే పక్కింటి మరాఠీ పిల్లవాడో తమిళ పిల్లవాడో తన భాషలో చదివేవాడన్నమాట. ఒకే కథ గురించి ఇద్దరూ అరుగు మీద కూర్చుని పోట్లాడుకునే వీలుండేది. పత్రిక ఇప్పుడు రావడం లేదు గాని, పాత సంచికలు కంప్యూటరులోనూ ఫోనులోనూ చదువుకోవడానికి దొరుకుతున్నాయి.

చందమామలోని బేతాళ కథలు పుస్తకాల గురించి మాట్లాడుకోవడం ఎలాగో కూడా నేర్పుతాయి. శవంలోని బేతాళుడు కథంతా చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుందంటాడు. విక్రమార్కుడు జవాబు చెబుతాడు. మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. తరగతిలో ఒకరు ఆ కథను ప్రశ్న వరకు చెప్పి ఆపాలి. రాజు చెప్పిన జవాబు చదవకూడదు. ముగ్గురు పెళ్లికొడుకుల్లో అర్హుడెవడు, రాజు వేసిన శిక్ష న్యాయమా కాదా అని తక్కినవారు వాదించుకోవాలి. వాదం ఒక కొలిక్కి వచ్చాక విక్రమార్కుడి జవాబు చదివితే, రాజు చెప్పింది తప్పని కొందరు పట్టుబట్టడం ఖాయం. అలా పట్టుబట్టిన పిల్ల ఆ కథను మరి మరిచిపోదు. సారాంశం రాసినవాడు రెండు రోజుల్లో మరిచిపోతాడు.

ఈ చర్చలో ఉపాధ్యాయుడు ఓర్చుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, పుస్తకం నచ్చలేదనే మాట. పేరుపొందిన నవలను ఇరవయ్యో పేజీలో వదిలేశానని ఒక విద్యార్థిని నిజం చెబితే దానిని గౌరవించాలి. ఎక్కడ వదిలావు, ఎందుకు విసుగు పుట్టింది అని అడిగితే ఆమె చెప్పే జవాబులో, పూర్తిగా చదివామని చెప్పుకునేవారి మాటల్లో కంటే ఎక్కువ సరుకుండవచ్చు.

రెండోది మాట తీరు. ఇది మరీ ముఖ్యం. హోసూరు పిల్లవాడు "ఆడ" అంటాడు, "యాడ" అంటాడు. బరంపురం పిల్లవాడు "ఏటి" అంటాడు. పక్క భాషల మాటలు మధ్యలో దొర్లుతాయి. కథ రసకందాయంలో ఉండగా "అలా కాదు, 'అక్కడ' అనాలి" అని అడ్డుపడితే కథా పోతుంది, చెప్పేవాడి నోరూ మూతపడుతుంది. మరొకసారి అతడు లేచి మాట్లాడడు. తన తెలుగు తెలుగే కాదేమోనన్న అనుమానం అతనిలో పాతుకుంటుంది. ఆ అనుమానం ముదిరితే ఇంట్లో కూడా వేరే భాషకు మారిపోతాడు. వ్రాతలో ప్రామాణిక భాష నేర్పవలసిందే, దానికి వేరే పీరియడ్లున్నాయి. పుస్తకాల ముచ్చటకు ఇంటి తెలుగే తగినది.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఎక్కువకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసింది పర్లాకిమిడిలో. ఆ ఊరు ఈనాడు ఒడిశాలో ఉంది. చుట్టుపట్ల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నదీ ఆయనే. పిల్లల నోటి మాటను బడి చిన్నచూపు చూడరాదన్న ఆలోచన పెరిగింది ఇలాంటి సరిహద్దు ఊళ్లోనే. పైగా అచ్చయిన పుస్తకాల్లోనే ఇంటి తెలుగు దొరుకుతున్నప్పుడు పిల్లలను తప్పుపట్టడం దేనికి? ముళ్లపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలు వేసిన 'బుడుగు' అంతా చిన్నపిల్లవాడి మాటల్లోనే నడుస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'సినబ్బ కథలు' చిత్తూరు జిల్లా పలుకుబడిలో ఉన్నాయి. హోసూరు, కోలారు వైపు పిల్లలకు ఆ మాటలు తమ ఇంటి వసారాలో విన్నట్టే ఉంటాయి. తమ అవ్వ మాట పుస్తకానికెక్కిందని చూసిన పిల్లకు కలిగే ఆశ్చర్యాన్ని ఏ ఉపన్యాసమూ కలిగించలేదు.

చదవమంటే సరిపోతుందా, పుస్తకాలేవి అన్న ప్రశ్న న్యాయమైనదే. చాలా ఊళ్లలో తెలుగు పుస్తకాల దుకాణమే ఉండదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలపై పడవలో గ్రంథాలయం నడిపించారు. సరుకుతోపాటు, మనుషులతోపాటు పుస్తకాలూ ఊరూరూ తిరిగాయి. వెలుపలి తెలుగువారికి కాలువలు లేకపోవచ్చు గాని ప్రయాణాలున్నాయి. సెలవుల్లో పెళ్లికో తిరునాళ్లకో బంధువుల ఊరికి వెళ్లని కుటుంబం అరుదు. తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీకి చోటు దొరికినప్పుడు రెండు పుస్తకాలకు దొరకదా? నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, 'మంచి పుస్తకం' వారి చిన్న పుస్తకాలు సంచి అడుగున ఇట్టే ఇమిడిపోతాయి.

తరగతిలోని ముప్పైమందిలో పదిమంది ఒక్కొక్కటి తెచ్చినా జూన్ నాటికి పది పుస్తకాలవుతాయి. వాటికి తాళం వేసిన బీరువా అక్కర్లేదు. ఒక అట్టపెట్టె, ఒక నోటుపుస్తకం చాలు. నోటుపుస్తకంలో పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తిరిగి ఇచ్చిన తేదీ రాసుకుంటారు. పక్కన ఇంకొక గడి గీసి, చదివినవారికి తోచిన ఒక్క వాక్యం రాసుకోనివ్వాలి. "బాగుంది" అని రాసేవారు రాస్తారు. "దొంగ మంచివాడు, రాజే చెడ్డవాడు" అని ఒకరు రాస్తే, ఆ పుస్తకం కోసం మరునాడు నలుగురు వరస కడతారు.