పాస్‌వర్డుల పెట్టె

బ్యాంకు లెక్కలు, పన్నుల పత్రములు, కక్షిదారుల కాగితములు నేఁడు పాస్‌వర్డు అను నొక్క మాటపై నిలిచియున్నవి. అయినను మనవారిలో ననేకు లొకే మాటను పదిచోట్ల వాడుచున్నారు. గుమాస్తాకు చీటీపై వ్రాసి యిచ్చు వకీళ్లును గలరు! పాస్‌వర్డు మేనేజరు కావలె ననుటలో మాకు సందేహము లేదు. ఏది యనునదియే ప్రశ్న.

2022వ సంవత్సరమున లాస్ట్‌పాస్ సంస్థనుండి దొంగలు ఖాతాదారుల పెట్టెల ప్రతులనే యెత్తుకొనిపోయిరి. పాస్‌వర్డులు గూఢలిపిలో నుండెను గాని, వెబ్‌సైట్ల చిరునామాలు బాహాటముగ నుండెను. ఎవనికే బ్యాంకులో ఖాతా కలదో తెలియుట దొంగకు స్వల్పలాభమా? పైఁగా, పెట్టె చేతఁజిక్కినవాఁడు తీరికగా నెన్ని తాళపుచెవులనైనఁ బెట్టి చూడవచ్చును. పొట్టి మాస్టరు పాస్‌వర్డు వాని ముందు నిలువదు.

కావున "మమ్ము నమ్ముఁడు" అనువారికంటె, తమ కోడు నెల్లరకుఁ జూపు బిట్‌వార్డెన్, కీపాస్ వంటివి మేలని మా యభిప్రాయము. బిట్‌వార్డెన్ చిరునామాలను గూడ గూఢలిపిలోనే యుంచును. కీపాస్ పెట్టె మన యంత్రమునందే యుండును. యంత్రము చెడినఁ బెట్టెయుఁ బోవును గనుక ప్రతి యొకటి వేఱుచోట దాఁచవలయును. పఠనమందిరపు టుమ్మడి యంత్రములపై దేనిని దెఱవరాదు. మాస్టరు పాస్‌వర్డు నాలుగైదు సంబంధములేని మాటల కూర్పుగా నుండవలయును. దానిని మఱచినచో నీ సంస్థలును దెఱవఁజాలవు. కాగితముపై వ్రాసి, కవరులో ముద్రవేసి, ఇంటి యినుపపెట్టెలో నుంచుఁడు.