పాలిషు పిల్లలు పరాయివాళ్ళు కారు



పోయిన సభ్యుల సమావేశంలో ఒక పెద్దాయన లేచి, “మార్బులు పాలిషువాళ్ళతో మిల్లు యూనియనుకేం పని?” అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు కేకలు ఎక్కువై జవాబు సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ వ్రాస్తున్నాము.

1982 జనవరి 18న ముంబయి మిల్లుల సమ్మె మొదలైనపుడు మాలో చాలామందిమి బడిపిల్లలం. తరువాత బద్లీలుగా చేరి, కార్డింగు ఖాతాలో పత్తి దుమ్ము మింగి, గేటుకు తాళం పడేదాకా ఉన్నాము. 1991 నియమాలతో మిల్లు భూములు అమ్ముకునేందుకు దారి తెరుచుకుంది. లోయర్ పరేల్‌లో పొగగొట్టాలున్నచోట ఇవాళ టవర్లున్నాయి. వాటిలో నేల అద్దంలా మెరిసేట్టు చేసేవాళ్ళలో మన చాల్‌లలో పెరిగిన కుర్రవాళ్ళున్నారు. తండ్రి సాంచా నడిపిన జాగాలోనే కొడుకు పాలిషు మెషీను తిప్పుతున్నాడు.

ఆ పనేమిటో తెలియనివారికి కొంచెం చెప్పాలి. మక్రానా పలకలు పరిచి, సందులు నింపిన తరువాత, కార్బొరండం రాళ్ళు బిగించిన మెషీనును నీళ్ళు పోస్తూ తిప్పుతారు. ముందు 60 నంబరు వంటి గరుకు రాయి, ఆపైన 120, 220, 400, 600. నంబరు పెరిగితే సన్నం, మన నూలు లెక్కే! మధ్యలో ఒక్క నంబరు ఎగ్గొట్టినా గీతలు మిగిలి దీపం వెలుగులో పట్టుబడతాయి. చివర ఆక్సాలిక్ ఆసిడ్, టిన్ ఆక్సైడ్ పొడి వేసి రుద్దుతారు. ఈ ఆసిడ్ విషం. కుర్రవాళ్ళు దానిని వట్టి చేతులతో కలుపుతారు, ఆ చేతులతోనే వడాపావ్ తింటారు.

రాయి నంబరు ఎగ్గొడితే కంట్రాక్టరు ఊరుకోడు. నీళ్ళు మాత్రం తానే ఎగ్గొడతాడు. గోడ అంచులు, మెట్లు, వంటగట్లు చేతి గ్రైండరుతో పొడిగానే రుద్దిస్తాడు. తడిస్తే రంగు పాడవుతుందట. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు సన్నని దుమ్మును ఆపదు. ఇక నీళ్ళు పోసేచోట అతుకుల వైరు ఆ నీళ్ళలోనే పడి ఉంటుంది. కరెంటు లీకయితే దానంతటదే ఆపే స్విచ్చి ధర ఒక పలక ధరకు రాదు, అయినా పెట్టరు.

మార్బులు సున్నపు జాతి రాయి, అందులో సిలికా తక్కువ, ప్రమాదం లేదు అని కొందరంటున్నారు. మొదటి మాట నిజమే. కాని ఇవాళ మార్బులు రుద్దినవాడు రేపు గ్రానైటు రుద్దుతాడు, ఎల్లుండి కారఖానాలో తయారైన క్వార్ట్జ్ పలక కోస్తాడు. ఆ పలకల్లో సిలికా నూటికి తొంభై పాళ్ళ దాకా ఉంటుంది. ఆస్ట్రేలియా వాటిని 2024 జులై 1 నుంచి నిషేధించింది. సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు.

సెలవు తరువాత సోమవారం ఖాతాలో అడుగు పెట్టగానే ఛాతీ బిగపట్టేది, గుర్తుందా? దాని పేరు బిస్సినోసిస్ అని మనకు చాలా ఆలస్యంగా తెలిసింది. పరిహారమిచ్చే వృత్తి రోగాల జాబితాలో అదీ ఉంది, సిలికోసిసూ ఉంది. అయినా మనలో పరిహారం అందుకున్నవారెందరు? మనకు కనీసం టికెట్టు నంబరుండేది, హాజరు పుస్తకముండేది. ఈ కుర్రవాడు ఏడాదిలో నలుగురు కంట్రాక్టర్ల కింద చేస్తాడు, ఒక్కడూ చీటీ వ్రాసివ్వడు. జబ్బు పదేళ్ళకో పదిహేనేళ్ళకో బయటపడుతుంది. అప్పుడు ఎవరి గేటు ముందు కూర్చుంటాడు?

అందుకే కాగితం ముందు అంటున్నాము. పన్నెండు నెలల్లో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవారు, 18 నుంచి 60 ఏళ్ళ లోపువారు, సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు. 1996 చట్టంతో వచ్చిన హక్కు ఇది. మార్బులు పాలిషు కూడా అందులోకి వస్తుంది. 90 రోజుల రుజువు దగ్గరే చిక్కు. ఒంటరిగా అడిగితే కంట్రాక్టరు రేపటినుంచి రావద్దంటాడు, పదిమందిమి వెళితే సంతకం పెడతాడు.

చందా సరిగా కట్టరు, ఒకచోట నిలవరు అన్న మాట కూడా వచ్చింది. బద్లీల గురించి పాత నాయకులు సరిగ్గా ఇదే అనేవారు. మేము ఆ బద్లీలమే.

ఆదివారం ఉదయం పది గంటలకు కార్యాలయం తెరిచి ఉంటుంది. మీ ఇంట్లో, పక్కింట్లో ఈ పని చేసే పిల్లలుంటే ఆధార్ కార్డు, రెండు ఫోటోలు, ఏ నెలలో ఎక్కడెక్కడ చేశారో వ్రాసుకున్న కాగితంతో పంపండి. వ్రాయడం రానివారికి మేము వ్రాసిపెడతాము.