భోషాణము ఒక గదిలో, పాటలపెట్టె మరొక గదిలో



ఈ దినములలో అనేక కుటుంబముల జ్ఞాపకములు తలో మూలకు చెదిరి వున్నవి. పెళ్ళి వీడియో ఒక హార్డ్ డిస్కులో, నాయనమ్మ మాటలు ఎవరిదో ఫోనులో, పిల్లవాని మొదటి పుట్టినరోజు ఫొటోలు ఒక పెన్‌డ్రైవులో, పాత క్యాసెట్ల నుండి ఎక్కించుకొన్న పాటలు మరెక్కడో. చూడవలెననిపించిన రోజున ఏది ఎక్కడున్నదో తెలియదు. వీటిని ఒక్కచోట చేర్చి ఇంటిల్లిపాదీ టీవీలో చూచుకొనుటకు అంతగా ఖర్చులేని మార్గమొకటి కలదు. ఈ నెల దానిని గూర్చి మాట్లాడుకొందము.

మూలనపడిన పాత కంప్యూటరు ఒకటి చాలు. అందులో లినక్స్ ఎక్కించవచ్చును. ఫిన్లాండు దేశములో విద్యార్థిగా వున్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ వ్యవస్థను ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. దానిపైన జెల్లీఫిన్ అను ఉచిత ప్రోగ్రాము పెట్టుకొంటే అది పాటలను, వీడియోలను వరుసగా సర్ది, అడిగినవారి టీవీకో ఫోనుకో పంపుతుంది. దీనినే మీడియా సర్వరు అంటారు. మనము దీనిని ఇంటి పాటలపెట్టె అనుకొందము.

అయితే పాత కంప్యూటరులో చోటు తక్కువ. అసలు సరుకంతా పక్కగదిలో అబ్బాయి వాడే విండోస్ కంప్యూటరులో వుంటుంది. అది భోషాణము. భోషాణమును మోసుకురానక్కరలేదు. దానిలోని ఒక అరను మాత్రము ఇంటి వైఫై లేక కేబులు ద్వారా పాటలపెట్టెకు తెరిచి చూపితే చాలును. ఇట్లు తెరిచి చూపిన అరనే షేర్డ్ ఫోల్డరు అంటారు.

ఇందుకు రెండు భాషలున్నవి. ఒకటి ఎస్.ఎం.బి. ఇది 1983లో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టినది, విండోస్ మాట్లాడేది ఇదే. రెండవది ఎన్.ఎఫ్.ఎస్. దీనిని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు తెచ్చిరి. రెండువైపులా లినక్సే వున్నచోట ఇది సులువు. విండోస్ భాషను ఇతర యంత్రములకు నేర్పినవారు ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్. ఆయన తన ప్రోగ్రాముకు పేరు కావలసివచ్చి, ఎస్, ఎం, బి అను మూడు అక్షరములూ వరుసగా వచ్చే మాట కొరకు పదముల జాబితా వెదకగా సాంబా అను మాట దొరికినది. ఆ పేరే నేటికీ నిలిచియున్నది.

ఇక పనిలోనికి వద్దము.

మొదటిది చిరునామా. రౌటరు సెట్టింగులలో భోషాణపు కంప్యూటరుకు ఎప్పుడూ ఒకే నంబరు వచ్చునట్లు నిర్ణయించండి. ఉదాహరణకు 192.168.1.10. నంబరు మారుచుంటే పాటలపెట్టె దారి తప్పుతుంది. ఆ కంప్యూటరు తనంతట తాను నిద్రలోనికి పోకుండ కూడ చూడవలెను.

రెండవది తాళము. విండోస్‌లో పాటలపెట్టె కొరకు ప్రత్యేకముగా ఒక ఖాతా తెరిచి, దానికి పాస్‌వర్డు పెట్టండి. పాస్‌వర్డు లేని ఖాతాను విండోస్ సాధారణముగా నెట్‌వర్కు ద్వారా లోనికి రానివ్వదు. రోజూ వాడే నాలుగంకెల పిన్ ఇక్కడ పనికిరాదు. ఆ ఖాతాకు చదివే అధికారము మాత్రమే ఇవ్వండి. ఇక్కడ రెండు అనుమతులున్నవని మరువరాదు. షేరింగులో ఒకటి, ఫోల్డరు సెక్యూరిటీలో ఒకటి. రెంటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. ఒకటి సరిచేసి రెండవది విడిచిపెడితే, తాళము వేసితిని గొళ్ళెము మరచితిని అన్న సామెత అవుతుంది.

మూడవది లినక్స్ వైపు పని. సిఫ్స్-యుటిల్స్ అను ప్యాకేజీని ఎక్కించి, ఎం.ఎన్.టి. అను ఫోల్డరులో మీ అరకు ఒక ఖాళీ ఫోల్డరు చేయండి. ఖాతా పేరు, పాస్‌వర్డు రెండు వరుసలుగా ఒక ఫైలులో వ్రాసి, దాని అనుమతిని 600గా పెట్టితే యజమాని తప్ప ఇతరులు చదువలేరు. తరువాత ఈ.టి.సి. ఫోల్డరులోని ఎఫ్‌స్ట్యాబ్ ఫైలులో ఒక వరుస చేర్చవలెను. అందులో ఆరు భాగములుండును: రెండు గీతలతో మొదలగు షేరు చిరునామా, తగిలించే ఫోల్డరు, సిఫ్స్ అను రకము, షరతులు, చివర రెండు సున్నాలు. ఇవన్నియు ఇంగ్లీషు చిన్న అక్షరములలోనే టైపు చేయవలెను.

షరతులలో ముఖ్యమైనవి కొన్ని. ఆర్.ఓ. అంటే చదువుటకు మాత్రమే. యు.ఐ.డి. అను చోట జెల్లీఫిన్ నడిచే ఖాతా పేరు వుండవలెను, లేనియెడల మీరు చూడగలిగినను అది చూడలేకపోవచ్చును. ఐ.ఓ. క్యారెక్టరు సెట్టును యు.టి.ఎఫ్.-8గా పెట్టితే తెలుగులో వ్రాసిన ఫైలు పేర్లు ప్రశ్నార్థకములుగా మారవు. నోఫెయిల్ అను మాట చేర్చితే భోషాణము ఆపివున్నను పాటలపెట్టె మామూలుగా లేస్తుంది. ఆఖరున మౌంట్ మైనస్ ఏ అను ఆజ్ఞ ఇస్తే అర తెరుచుకొనును.

తెరుచుకొనకపోతే కంగారుపడవద్దు. తప్పు నంబరు 13 వస్తే అనుమతిలోనో పాస్‌వర్డులోనో లోపమున్నది. 112 వస్తే యంత్రము ఆగిపోయినదని చెప్పును గాని, ఎదుటి కంప్యూటరు నడుచుచున్నప్పుడు కూడ రెండువైపులా ఎస్.ఎం.బి. వెర్షను కలియనందున ఇది రావచ్చును. అప్పుడు కొందరు పాతదైన మొదటి వెర్షనును తెరువుమని సలహా యిస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. 2017 మే నెలలో వన్నాక్రై అను వైరస్ లోకమంతట వ్యాపించినది ఆ పాత ద్వారములోని లోపము గుండానే. బ్రిటనులో ఆసుపత్రుల పని కూడ ఆగిపోయినది. వెర్షను 3 అని స్పష్టముగా వ్రాయండి. ఈ భాష వాడే 445వ నంబరు ద్వారమును ఇంటి బయట ఇంటర్నెట్టుకు ఎన్నడూ తెరువకండి.

చదువుటకు మాత్రమే అని మేము పట్టుబట్టుటకు కారణమున్నది. చిన్నపిల్లలు టీవీ రిమోటుతో ఆడుకొంటూ తీసివేయి అన్న గుర్తు నొక్కినను అసలు ఫైలుకు నష్టము రాదు. మరొక సంగతి. షేరు తెగిపోయిన వేళ పాటలపెట్టెకు ఆ ఫోల్డరు ఖాళీగా కనబడుతుంది. కొన్ని ప్రోగ్రాములు అట్టి సమయములో వెదకి, పాటలన్నీ పోయినవని తలచి తమ జాబితాలోనుండి తీసివేస్తాయి. అసలు ఫైళ్ళు భద్రముగానే వుండును. షేరు తగిలించి మరల వెదకించవలెను.

షేరు వేరు, భద్రపరచుట వేరు. ఒకే ఫైలు ఆరు తెరలమీద కనబడినను ఆ ఫైలు ఒక్కటే. ఆ డిస్కు కాలిపోతే ఆరింటిలోను చీకటే. గతించిన తాతగారి కంఠము మరల రికార్డు చేయుటకు వీలుకాదు గదా! కావున మూడు ప్రతులు వుంచండి. వాటిలో ఒకటి వేరే రకము పరికరములో, ఒకటి వేరే ఊరిలో బంధువుల యింట వుండనివ్వండి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందువలన లాభమేమి?

చివరిగా తల్లిదండ్రులకొక మనవి. సాధారణముగా ఈ పని ఇంటిలో ఒక్క అబ్బాయికో అమ్మాయికో తెలియును. వారు చదువుకో ఉద్యోగముకో పట్నము వెళ్ళిన తరువాత పెట్టె ఆగిపోతే తల్లి ఎవరిని అడగాలి? అందుచేత ఒక నోటుపుస్తకములో చిరునామా నంబరు, ఖాతా పేరు, పాస్‌వర్డు, ఎఫ్‌స్ట్యాబ్‌లోని వరుస, ఏది ముందు ఆన్ చేయాలో ఆ క్రమము పెద్ద అక్షరములతో తెలుగులో వ్రాయించండి. ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో వుంచండి. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, వారు ప్రక్కన కూర్చొనియుండగా, అమ్మ చేతనే ఒకసారి అన్నీ ఆపించి తిరిగి ఆన్ చేయించండి. పుస్తకము చూచి ఆమె పాట వినగలిగిన రోజున ఆ పని పూర్తియైనట్లు.