కాపీ పేస్ట్‌కు ‘బైడైరెక్షనల్’ మందు కాదు

వర్చువల్ మెషీన్‌లోకి కాపీ పేస్ట్ కావడం లేదని ఎవరైనా అడగడమే ఆలస్యం, జవాబు సిద్ధంగా ఉంటుంది: “షేర్డ్ క్లిప్‌బోర్డ్ బైడైరెక్షనల్ పెట్టు, గెస్ట్ అడిషన్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి, రీస్టార్ట్ కొట్టు.” అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో లైనక్స్ నేర్చుకునే కుర్రాడి దగ్గర్నుంచి ఏళ్ల తరబడి సర్వర్లు చూసుకుంటున్న అడ్మిన్ దాకా అందరిదీ ఇదే మాట. ఇది చెడ్డ సలహా అని నేనంటాను. చాలాసార్లు దీనితో సమస్య తీరదు. తీరినప్పుడు కూడా, అవసరం లేని దారి ఒకటి తెరుచుకుంటుంది, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

అసలు హోస్ట్‌కూ (మన కంప్యూటర్‌కూ) గెస్ట్‌కూ (దాని లోపల నడిచే వర్చువల్ మెషీన్‌కూ) ఉమ్మడి క్లిప్‌బోర్డ్ అంటూ ఏదీ లేదు. దేనిది దానిదే. ఇక్కడ కాపీ చేసింది అక్కడికి చేరాలంటే గెస్ట్‌లో ఏజెంట్ అనే ఒక చిన్న ప్రోగ్రామ్ పనిగట్టుకుని దాన్ని అందుకోవాలి. వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ గెస్ట్ అయితే ఆ పని గెస్ట్ అడిషన్స్‌తో వచ్చే వీబాక్స్‌క్లయింట్‌ది, విండోస్ గెస్ట్ అయితే వీబాక్స్‌ట్రేది. కేవీఎంలో స్పైస్ వీడీఏజెంట్ ఉంటుంది. వీఎంవేర్‌లో ఓపెన్ వీఎం టూల్స్ ఒక్కటే వేస్తే చాలదు, దాని డెస్క్‌టాప్ ప్యాకేజీ కూడా కావాలి. హైపర్-వీలో విండోస్ గెస్ట్‌కు ఎన్‌హాన్స్‌డ్ సెషన్ ఆన్ చేస్తే రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో ఆర్‌డీపీక్లిప్ దాన్ని మోస్తుంది. వీటిలో క్లిప్‌బోర్డ్‌ను ముట్టుకునే భాగం మనం లాగిన్ అయిన సెషన్‌లోనే నడవాలి. డిస్క్ మీద సాఫ్ట్‌వేర్ ఉండటం వేరు, ఈ సెషన్‌లో అది నడుస్తూ ఉండటం వేరు. ప్రాసెస్‌ల జాబితా ఒక్కసారి తీసి చూస్తే తేలిపోయే విషయానికి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనడం ఏం న్యాయం?

ఉబుంటు సంగతే తీసుకోండి. 21.04 నుంచి దాని డెస్క్‌టాప్ సాధారణంగా వేలాండ్ అనే డిస్‌ప్లే వ్యవస్థ మీద లేస్తోంది. పాత ఎక్స్11లో ఏ ప్రోగ్రామ్ అయినా క్లిప్‌బోర్డ్‌లో ఏముందో అడిగి తీసుకోవచ్చు. వేలాండ్ మామూలుగా ఆ హక్కును మనం పనిచేస్తున్న విండోకే ఇస్తుంది. తెర వెనక నడిచే వీబాక్స్‌క్లయింట్‌కు విండో ఎక్కడిది? వేలాండ్‌లో క్లిప్‌బోర్డ్ పంచుకునే ఏర్పాటు వర్చువల్‌బాక్స్‌లోకి వచ్చింది 2024లో, 7.1 వెర్షన్‌తో. అంతకు ముందు వెర్షన్ వాడుతున్న విద్యార్థి గెస్ట్ అడిషన్స్ పదిసార్లు వేసినా ప్రయోజనం సున్నా. 22.04, 24.04లలో అయితే లాగౌట్ అయి, లాగిన్ తెర మీద పేరు ఎంచుకున్నాక మూలన కనిపించే గేర్ గుర్తు నొక్కి, ‘ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్’ (అంటే ఎక్స్11 సెషన్) ఎంచుకుంటే ఆ చిక్కు వీడిపోతుంది. ఈ సంగతి తెలియని సలహాదారు మాత్రం తప్పంతా ఇన్‌స్టలేషన్ మీదకు నెట్టేస్తాడు.

ఇంకా చిన్న కారణాలూ ఉన్నాయి. లైనక్స్ టెర్మినల్‌లో కంట్రోల్ వీ కొడితే సాధారణంగా పేస్ట్ కాదు, కంట్రోల్ షిఫ్ట్ వీ కొట్టాలి. అదే ముక్కను టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ పడిందంటే క్లిప్‌బోర్డ్ దివ్యంగా ఉన్నట్టే. ఉబుంటు సర్వర్ వేసుకుని నల్ల తెర ముందు కూర్చున్నవాళ్ల కష్టం మరొకటి. అక్కడ డెస్క్‌టాప్ సెషనే లేదు కాబట్టి షేర్డ్ క్లిప్‌బోర్డ్‌కు పనే లేదు. హోస్ట్‌లో 2222 పోర్టుకు వచ్చింది గెస్ట్‌లో 22కు వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టుకుని, హోస్ట్ టెర్మినల్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయితే, పేస్ట్ అంతా హోస్ట్ విండోలోనే జరిగిపోతుంది. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక గెస్ట్ అడిషన్స్ మాడ్యూళ్లు కుదరక ఆగిపోతే మాత్రం వాటిని మళ్లీ కట్టడం సరైన వైద్యమే, కాదనను. పది కారణాల్లో ఒకదానికి పనికొచ్చే మందును పదింటికీ రాసివ్వడమే నా ఫిర్యాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్త మెషీన్ తయారుచేసినప్పుడు వర్చువల్‌బాక్స్ షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ను ‘డిసేబుల్డ్’ అనే ఉంచుతుంది. దాన్ని లోపంగా చూడటం మనకు అలవాటైంది. కానీ అది తెలిసి పెట్టిన కట్టడి. వీఎంవేర్ కూడా వీస్ఫియర్ 4.1 నుంచి కన్సోల్‌లో కాపీ పేస్ట్‌ను భద్రత కోసమే ముందుగా ఆపేసి ఇస్తోంది. ఒక మెషీన్ లోపల మరో మెషీన్ ఎందుకు నడుపుతాం? లోపలిది చెడినా బయటిది చెడకూడదని. మధ్యలో గోడ కట్టి, అటూ ఇటూ ఏదైనా పోనిచ్చే బైడైరెక్షనల్ పెట్టడం, వీధి తలుపుకు గడియ వేసి దొడ్డి తలుపు బార్లా తీసినట్టే.

ఇది ఉత్త భయం కాదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్, ఫ్యూజన్‌ల డ్రాగ్ అండ్ డ్రాప్ కోడ్‌లో 2016లో ఒకసారి, 2017లో మరోసారి లోపాలు బయటపడ్డాయి. వాటి ద్వారా గెస్ట్‌లో ఉన్నవాడు హోస్ట్‌లో తన కోడ్ నడిపించగలడు. 2016 నాటి ప్రకటనలో ఆ సంస్థే చెప్పింది: డ్రాగ్ అండ్ డ్రాప్, కాపీ పేస్ట్ రెండూ ఆపేసి ఉంటే వర్క్‌స్టేషన్ ప్రోలో, ఫ్యూజన్‌లో ఆ దాడి పారదని. 2019లో చెక్ పాయింట్ పరిశోధకులు రిమోట్ డెస్క్‌టాప్ క్లిప్‌బోర్డ్ ద్వారా ఫైళ్లు పేస్ట్ చేసేటప్పుడు, అవతలి మెషీన్ మన మెషీన్‌లో తనకు నచ్చిన చోట ఫైలు పెట్టగలదని చూపించారు. హైపర్-వీకీ ఆ దెబ్బ తగిలింది. మైక్రోసాఫ్ట్ సరిదిద్దక తప్పలేదు.

దాడి దాకా పోనక్కర్లేదు. క్లిప్‌బోర్డ్ పంచుకుంటూ హోస్ట్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కాపీ చేశారనుకోండి. ఆ క్షణాన గెస్ట్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ దాన్ని చదివేయగలదు. ఎక్కడిదో తెలియని సాఫ్ట్‌వేర్‌ను ‘వీఎంలోనే కదా’ అని వేసి చూసేవాళ్లే మనలో ఎక్కువ.

“నేర్చుకునేవాళ్లం, మా దగ్గర దోచుకోవడానికి ఏముంది? పని సులువుగా జరగాలి కదా” అంటారు కొందరు. సులువును నేను కాదనడం లేదు. బ్రౌజర్‌లో చూసిన కమాండ్‌ను చేత్తో టైప్ చేయమని విద్యార్థిని వేధించడం నాకూ ఇష్టం లేదు. అతనికి కావలసింది హోస్ట్ నుంచి గెస్ట్‌కు దారి. ‘హోస్ట్ టు గెస్ట్’ అనే ఎంపిక వర్చువల్‌బాక్స్‌లో బైడైరెక్షనల్ ఉన్న మెనూలోనే ఉంది. డివైజెస్ మెనూలోంచి, మెషీన్ నడుస్తుండగానే, పెట్టుకోవచ్చు, పని అయ్యాక తీసేయవచ్చు. ఎర్రర్ మెసేజ్ బయటికి తెచ్చుకోవాలంటే అప్పటికి ‘గెస్ట్ టు హోస్ట్’ పెట్టుకుంటే సరి. అనుమానపు ఫైళ్లు పరీక్షించే మెషీన్‌లో మాత్రం రెండూ వద్దు.

భద్రతే ప్రాణంగా కట్టిన క్యూబ్స్ ఓఎస్‌లో ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పంపాలంటే, మామూలు కాపీ తర్వాత కంట్రోల్ షిఫ్ట్ సీ, అవతలి విండోలో కంట్రోల్ షిఫ్ట్ వీ, ఆపైన మామూలు పేస్ట్. మనిషి వేలు పడనిదే ఒక్క అక్షరం గోడ దాటదు. రెండు మీటలు అదనం, అంతే. ఆ మాత్రం శ్రమ భరించలేనంత పెద్దదేం కాదు.

కాబట్టి పాఠం చెప్పేవారికీ, సలహా ఇచ్చేవారికీ నా విన్నపం ఒకటే. అడిగినవాడికి మంత్రం ఇవ్వకండి, ప్రశ్నలు వెయ్యండి. ఎటు నుంచి ఎటు పంపాలి? సెషన్ వేలాండా, ఎక్స్11ఆ? ఏజెంట్ నడుస్తోందా? టెర్మినల్‌లోనా, ఎడిటర్‌లోనా? ఈ నాలుగూ అడిగితే చాలా సందర్భాల్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరమే రాదు. వచ్చినా, ఎందుకు చేస్తున్నాడో ఆ కుర్రాడికి తెలుస్తుంది. రేపు ఆఫీసులో నిజమైన సర్వర్లు చేతికొచ్చినప్పుడు అతనికి అక్కరకొచ్చేది ఆ తెలివిడే.