పేలని పిస్తోలు

విధ్వంసానికి బయల్దేరిన ముఠా కథలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. అసాధ్యమైన పని, అరడజను మంది మనుషులు, లోపలే ఒక ద్రోహి, చివర్లో పెద్ద పేలుడు. ఆ అచ్చుకు రూపమిచ్చిన సినిమాల్లో 1961 నాటి ‘ది గన్స్ ఆఫ్ నవరోన్’ ఒకటి. ఈమధ్య మళ్లీ చూశాను. తుపానులో పడవ బద్దలవడం, వానలో నిట్టనిలువు కొండ ఎక్కడం ఇప్పటికీ పట్టు సడలలేదు. కానీ నన్ను కదలనివ్వనిది మాత్రం ఒకే ఒక్క తూటా పేలే ఒక వాగ్వాదం.

కథ తెలియనివారికి నాలుగు మాటలు. ఏజియన్ సముద్రంలోని ఖెరోస్ ద్వీపంలో 2,000 మంది బ్రిటిష్ సైనికులు చిక్కుకుపోయారు. వాళ్లకోసం వచ్చే ఓడలు నవరోన్ పక్కనుంచే వెళ్లాలి. అక్కడ కొండగుహలో రెండు భారీ జర్మన్ ఫిరంగులు. వాటిని లేపెయ్యాలి. ద్వీపాలు రెండూ కల్పితమే. 1943లో ఇటలీ లొంగిపోయాక ఆ సముద్రంలో బ్రిటిష్ సేనలు దిగిన మాట, నవంబరులో లెరోస్ ద్వీపం జర్మన్ల వశమైన మాట మాత్రం నిజం. అక్కడ బ్రిటన్ ఓడింది. ఈ సినిమాకు మూలమైన 1957 నాటి నవలలో అలిస్టర్ మెక్లీన్ గెలిపించాడు. నవలాకారుడికి ఆ వెసులుబాటు ఉంది మరి.

ఇక ఆ వాగ్వాదం. పేలుడు సామగ్రిని ఎవరో పాడుచేశారు. చేసింది అన్నా. జర్మన్ల కొరడా దెబ్బలకు మాట పోయిందని అందరూ జాలిపడిన అమ్మాయి. మిల్లర్ ఆమె వీపు మీద గుడ్డ చించితే ఒక్క మచ్చ లేదు. హింసకు భయపడి లొంగిపోయానంటుంది. వెంట తీసుకెళ్లలేరు, వదిలి వెళ్లలేరు. చంపేదెవరు? డేవిడ్ నివెన్ వేసిన మిల్లర్ ఒకప్పటి రసాయనశాస్త్ర ఆచార్యుడు, బాధ్యత వద్దని అధికారి హోదా కాదన్న కార్పొరల్. అతనే ముఠా నాయకుడు మాలరీ (గ్రెగరీ పెక్) మీద విరుచుకుపడతాడు. అంతకుముందు కాలు విరిగిన సహచరుడు ఫ్రాంక్లిన్‌కు మాలరీ కావాలనే తప్పుడు పథకం చెప్పాడు, శత్రువు ఇంజెక్షన్ ఇచ్చి కక్కిస్తే ఆ అబద్ధమే కక్కుతాడని. ఆ లెక్క వెయ్యగలిగినవాడివి ఈ పని కూడా నువ్వే కానియ్యి, అంటాడు మిల్లర్.

అటుపక్క ముఠాలో మరొకడు, ఆండ్రియా, నిలబడి ఉంటాడు. గాయపడ్డవాళ్లను తీసుకుపోనిమ్మని మాలరీ ఒకప్పుడు దయతలచి వదిలిన జర్మన్లే అతని భార్యనూ పిల్లలనూ చంపారు. యుద్ధం అయ్యాక మాలరీని చంపుతానని శపథం పట్టినవాడు. దయ చూపినందుకూ చూపనందుకూ కూడా మాలరీకి లెక్క తేలాల్సిందే.

మెక్లీన్ నవలలో ముఠాకు తోడుపడే స్థానిక తిరుగుబాటుదారులు ఇద్దరూ మగవాళ్లు. వాళ్లను అన్నా, మరియా అనే ఆడవాళ్లుగా మార్చింది సినిమా నిర్మాత, రచయిత కార్ల్ ఫోర్‌మన్. 1951లో ‘హై నూన్’ తీస్తుండగా, అమెరికన్ చట్టసభ కమిటీ ఆయన్ను పిలిచి కమ్యూనిస్టు మిత్రుల పేర్లు చెప్పమంది. చెప్పలేదు. హాలీవుడ్ తలుపులు మూసుకున్నాయి, ఇంగ్లండు వెళ్లిపోయాడు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ రాసినవాళ్లలో ఒకడైనా తెర మీద పేరు పడలేదు. ఆ సినిమా రచనకు వచ్చిన ఆస్కార్ మూల నవలాకారుడు పియేర్ బూల్ పేరిట వెళ్లింది. పేర్లు చెప్పని మనిషి, భయంతో తోటివాళ్లను పట్టిచ్చిన అమ్మాయిని రాశాడు. రాక్షసిని చెయ్యకుండా రాశాడు. ఆ సన్నివేశానికి అంత బరువు అక్కణ్నుంచే వచ్చిందని నా నమ్మకం.

దర్శకుడు జె. లీ థాంప్సన్, గ్రెగరీ పెక్, ఫోర్‌మన్ మళ్లీ కలిసి 1969లో ‘మెకన్నాస్ గోల్డ్’ ఇచ్చారు. మన థియేటర్లలో దాన్ని ఎగబడి చూసినవాళ్లు ఇప్పటికీ తారసపడతారు. అందులో బంగారం ఉంది, గుర్రాలున్నాయి, ఇలాంటి గొడవ మాత్రం లేదు.

అలాగని ఫోర్‌మన్‌కు పూర్తి మార్కులు వెయ్యలేను. మాలరీ పిస్తోలు తీస్తాడు. పేల్చేది మాత్రం అతను కాదు. అన్నాను నమ్మి వెంటేసుకు తిరిగిన మరియా, అంటే ఐరీన్ పాపస్, కాల్చేస్తుంది. అంతసేపు మాలరీ మెడకు బిగించిన ప్రశ్నను సినిమా ఠక్కున విప్పి మరో ఆడమనిషి చేతిలో పెట్టింది. పాపస్ ఆ బరువును మొహంలో మోసింది కాబట్టి సరిపోయింది. పెక్ లాంటి హీరో ఒక నిరాయుధురాలిని కాలిస్తే టికెట్లు తెగవని ఎవరో అనుకొని ఉంటారు.